గెలిస్తేనే మోగే పాట

మా ఊరి హైస్కూలు వరండాలో ఇప్పటికీ ఒక ఫొటో వేలాడుతుంది. దాని కింద "బేస్‌బాల్ జట్టు స్థాపకులు, ప్రధానోపాధ్యాయులు అసనుమ గారు" అని అందమైన అక్షరాలతో రాసి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అసనుమ మాష్టారు మంచివాడే. నాకు నాలుగక్షరాలు అబ్బాయంటే ఆయన చలవే. కానీ ఆయన జట్టు పెట్టడమేమిటి? జట్టూ గిట్టూ వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్న మనిషి. పెట్టింది ఇసొబె కుమకిచి, మా కుమ బాబాయ్. ఆయనకు ఆ ఆటంటే ఇష్టం కూడా లేదు. చచ్చేదాకా ఇష్టం పుట్టలేదు.

ఈ ముక్క నా సెలూన్లో కుర్చీ ఎక్కిన ప్రతి కుర్రాడికీ చెబుతాను. కత్తెర చెవి దగ్గర ఉన్నప్పుడు ఎవడైనా వినాల్సిందే కదా. షాపు మా నాన్న పెట్టింది. ఆ రోజుల్లో మా ఒషొనాయి ఊరు మొత్తానికి సరిగ్గా పలికే రేడియో మా షాపులోనే ఉండేది, అందుకని ఈ కథ మొదలైంది కూడా అక్కడే.

కుమకిచి మా ఊరివాడు కాదు. జలసంధికి అవతల త్సుగరు నుంచి, యుద్ధం అయిపోయిన కొత్తల్లో, కొంబు కోతకు కూలిగా వచ్చాడు. కొంబంటే మా సముద్రంలో మనిషి పొడుగున పెరిగే నాచు. ఊరంతా దాని మీదే బతుకుతుంది. పడవల ఇంజన్లు బాగుచేయడంలో ఆయన చెయ్యి మంచిది. ఇసొబె వాళ్ళ పడవ ఇంజను చూడ్డానికి వెళ్ళినవాడు ఆ ఇంటికే ఇల్లరికం అల్లుడయ్యాడు. తోయో వాళ్ళకు ఒక్కతే కూతురు. మాలో ఇల్లరికం వెళ్ళినవాడు ఇంటిపేరు కూడా వదిలేసుకోవాలి. అలా నరుమి కుమకిచి కాస్తా ఇసొబె కుమకిచి అయ్యాడు. ఇల్లు మామగారిది, పడవ మామగారిది, కొంబు ఆరబెట్టే గులకరాళ్ళ కళ్ళం మామగారిది. ఆయన పోయాక అన్నీ తోయో పిన్ని చేతికి వచ్చాయి.

పోనీ సముద్రం మీద పేరు తెచ్చుకుందామా అంటే, పడవ కదిలితే చాలు బాబాయ్‌కి కడుపులో తిప్పేసేది. ఇంజను బాగుచేసి ఇస్తాడు, ఆ ఇంజను నడిచే పడవలో మాత్రం కూర్చోలేడు. అందుకని మగాళ్ళంతా సముద్రం మీదకు పోతే ఆయన ఒడ్డున ఆడవాళ్ళతోపాటు నాచు పరిచేవాడు. ఊరి మగాళ్ళు ఊరుకుంటారా? "కుమకిచీ, ఇవాళ అల ఎక్కువగా ఉంది, నీళ్ళ తొట్టి దగ్గర జాగ్రత్త" అనేవాళ్ళు. ఆయన నవ్వేసేవాడు. నవ్వేసి ఇంటికెళ్ళి అకార్డియన్ తీసేవాడు. త్సుగరు నుంచి గోనెసంచిలో పెట్టి తెచ్చుకున్న సొంత వస్తువు అదొక్కటే.

చేపనూనె తీసే పాత షెడ్డును కడిగి, గోడలకు సున్నం వేసి, హైస్కూలు పెట్టారు. ఎంత కడిగినా వాన పడితే లెక్కల క్లాసులో సార్డీను చేపల వాసన వచ్చేది. అసనుమ మాష్టారు బడికి ఒక పాట రాశాడు. ఆయన కొండల మధ్య నుంచి వచ్చిన మనిషి, అందుకని మూడు చరణాల్లోనూ కొండలే. మా ఊళ్ళో ఎక్కి చూద్దామన్నా కొండ లేదు. ఆ పాటకు బాణీ కట్టేవాళ్ళు దొరక్కపోతే బాబాయ్ ముందుకొచ్చాడు. చలికాలమంతా కట్టాడు. ఇంజన్ల షెడ్డులో కూర్చుని అదే ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి వాయిస్తుంటే తోయో పిన్ని దుప్పటి నెత్తి మీదకు లాక్కునేదట.

బాణీ మాత్రం బాగుండేది. కొండల సంగతి మర్చిపోయి వింటే సముద్రం పాటలా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఆగస్టు మధ్యాహ్నం, బాబాయ్ మా షాపులో గడ్డం గీయించుకుంటున్నాడు. రేడియోలో దేశమంతటి హైస్కూళ్ళ బేస్‌బాల్ పోటీ వస్తోంది. షాపులో ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి వింటుంటే ఆయన సబ్బు నురగతో కునుకు తీస్తున్నాడు. ఆట అయిపోయింది. చప్పట్లు ఆగాయి. అప్పుడు ఏదో పాట మొదలైంది, పిల్లల గొంతులతో. బాబాయ్ కళ్ళు తెరిచాడు.

"అదేంటి?"

"గెలిచిన బడి పాట," అన్నాడు మా నాన్న. "గెలిచినవాళ్ళను వరసగా నిలబెట్టి, జెండా ఎగరేసి, వాళ్ళ బడి పాట వేస్తారు."

"ప్రతిసారీనా?"

"ప్రతి ఆటకీ. మన కుషిరో పట్నం పోటీల్లో కూడా అంతే."

"మరి ఓడిపోయినవాళ్ళ పాట?"

"ఓడినవాళ్ళకు పాటేంటయ్యా? ఏడ్చుకుంటూ ఇంటికి పోతారు."

బాబాయ్ సగం గడ్డంతో లేచి కూర్చున్నాడు. రేడియోలో పాట అయిపోయేదాకా కదల్లేదు. మిగతా సగం గీసేటప్పుడు మా నాన్న రెండుసార్లు కసురుకున్నాడు, కదలకుండా ఉండమని.

మర్నాడే అసనుమ మాష్టారి దగ్గరకు వెళ్ళాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను, మాష్టారి జుట్టు కత్తిరించడానికి మా నాన్న వెళ్తే కూడా వెళ్ళాను.

"మాష్టారూ, మన బడికి బేస్‌బాల్ జట్టు కావాలి."

"నీకు ఆ ఆట తెలుసా?"

"తెలీదండి."

"నాకూ తెలీదు. ఆడ్డానికి స్థలం లేదు. మగపిల్లలు జట్టుకు సరిపడా లేరు, ఉన్నవాళ్ళు ఎండ కాస్తే కొంబు పనికి పోతారు. ఎందుకయ్యా మనకీ గొడవ?"

"మీరు రాసిన పాట కుషిరోలో లౌడ్‌స్పీకర్లో మోగుతుందండి."

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎంతైనా కవి కదా. వద్దు వద్దంటూనే పైవాళ్ళకు పంపాల్సిన కాగితం మీద సంతకం పెట్టాడు. ఆయన స్థాపించింది ఆ సంతకమే.

ఇక స్థలం. ఊళ్ళో చదునుగా ఉన్న చోటు ఇసొబె వాళ్ళ కళ్ళం ఒక్కటే. అది తోయో పిన్నిది. గిన్నెలు కడుగుతూ ఆవిడ మొగుడి మాట పూర్తిగా విన్నది. ఆవిడ మాట్లాడకుండా వింటుందంటే అందరికీ భయం.

"ఎండ ఉంటే కళ్ళం నాచుది," అంది చివరికి. "పొగమంచు పడితే నీది. ఎండలో ఒక్క కుర్రాడు బంతి పట్టుకుని కనిపించాడా, వాణ్ణీ నిన్నూ కూడా పక్కపక్కన ఆరబెడతా."

"అంతేనా?"

"ఇంకేం కావాలి? పల్లకీ పంపించాలా?"

అలా మా జట్టు పొగమంచులో పుట్టింది. మా తీరం సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేసవిలో సగం రోజులు చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. తెల్లవారుజామున జాలర్ల సంఘం వాళ్ళు గట్టు మీద తెల్లజెండా ఎగరేస్తే పడవలు బయల్దేరతాయి, ఊరంతా పనిలో పడుతుంది. జెండా లేవలేదంటే ఆ రోజు నాచు లేదు, బంతి ఉంది. బ్యాట్లు బాబాయ్ విరిగిన తెడ్లను చెక్కి చేశాడు. బేస్‌లకు ఇసుక నింపిన సంచులు. బట్టలు చక్కెర బస్తాల గుడ్డతో ఊరి ఆడవాళ్ళు కుట్టారు; ఎన్నిసార్లు ఉతికినా వీపు మీద చక్కెర దుంప బొమ్మ పోలేదు. కళ్ళమంతా గులకరాళ్ళు కదా, నేల మీద దొర్లుతూ వచ్చే బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. అందుకని మా వాళ్ళు దాన్ని చేతుల్తో పట్టేవాళ్ళు కాదు. ఎదురుగా మోకాళ్ళ మీద పడి, గుండె అడ్డం పెట్టి, బంతి కిందపడ్డాక ఏరుకునేవాళ్ళు. చూడ్డానికి వికారంగా ఉండేది. బంతి మాత్రం దాటేది కాదు.

బాబాయ్ ఆటలో తలదూర్చేవాడు కాదు. నాచు బస్తా మీద కూర్చుని అకార్డియన్ వాయించేవాడు. పిల్లలు అలసిపోతే "ఒరేయ్, ఇంకొంచెం పరిగెత్తండిరా, ఈ ఒక్క చరణం అయ్యేదాకా" అనేవాడు. ఆయనకు తెలిసిన శిక్షణ అంతే.

ఎండ రోజుల్లో అదే కళ్ళంలో ఆడవాళ్ళు నాచు లాగుతూ అదే పాట పాడేవాళ్ళు. వినీ వినీ నోటికి వచ్చేసింది మరి. అయితే తడి నాచు బరువు తెలుసుగా, ఒక్క ఊపున రాదు. అందుకని ప్రతి పాదం చివరా "హోయిషో" అని కేకవేసి లాగేవాళ్ళు. మంచు కప్పిన శిఖరమా, హోయిషో. తలెత్తి నిలిచిన ధైర్యమా, హోయిషో. అది విని బాబాయ్ ఇంజన్ల షెడ్డులోంచి నూనె చేతుల్తో పరిగెత్తుకొచ్చేవాడు.

"పాడితే సరిగ్గా పాడండి, లేదా మానండి. అందులో హోయిషో లేదు."

"ఉంటే బాగుండేది," అనేది తోయో పిన్ని, నాచు దులుపుతూ.

"అది బడి పాట. కూలి పాట కాదు. నేను కాగితం మీద రాశాను, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా రాశాను."

"నీ కాగితాన్ని రమ్మను, వచ్చి ఈ కొస పట్టుకోమను. అప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అదే చెబుతుంది."

ఆడవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఆయన మొహం గంటుపెట్టుకుని వెళ్ళిపోయేవాడు. మేం చిన్నపిల్లలం, నాచు మోస్తూ వాళ్ళతో పాటే అరిచేవాళ్ళం. మాకు ఆ పాట హోయిషోతోనే వచ్చు.

నేను ఒకసారి అడిగాను, బాబాయ్ ఎందుకంత పట్టింపు అని. అప్పటికి నాకూ జట్టులో చేరే వయసు వచ్చింది. ఆయన ఇంజను విప్పుతున్నాడు.

"ఒరేయ్ హేజీ, ఈ ఊళ్ళో నాది అన్నది ఒక్కటి చూపించు."

నేను ఆలోచించాను. "ఆ స్పానరు."

"మామగారిది. ఈ చెప్పులూ మామగారివే. నా పేరు సగం మామగారిది. రేపు సమాధి మీద చెక్కేది కూడా వాళ్ళ ఇంటిపేరే. తప్పుపట్టడం లేదురా, తోయో నన్ను బాగానే చూస్తుంది. కానీ ఆ పాట ఒక్కటే నా చేతుల్లోంచి పుట్టింది. మన బళ్ళో ఎవరు వింటారు? కాకులు వింటాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కొత్తవాళ్ళు పదిమంది నిలబడి టోపీ తీసి వినాలి. ఆ తర్వాత మీరు బేస్‌బాల్ ఆడినా మానినా నాకు పట్టదు."

ఆ ఒక్కసారి కోసం ఏడేళ్ళు ఎదురుచూశాడు. ఏడేళ్ళూ జట్టు మొదటి ఆటలోనే ఓడింది.

ఓడడానికి కారణం చెబితే మీరు నవ్వుతారు. ఎండ. పొగమంచులో ఆడి పెరిగిన జట్టు అది. కుషిరోలో పోటీ రోజున ఏడాది తర్వాత ఏడాది ఎండ ఫెళ్ళున కాసేది. బంతి ఆకాశంలోకి లేచిందంటే మా వాళ్ళు తలెత్తి చూసి, కళ్ళు మూసుకుని, దండం పెట్టుకునేవాళ్ళు. అది ధబ్బుమని ఎక్కడో పడేది. అవతలి బడివాళ్ళు నవ్వీ నవ్వీ అలసిపోయేవాళ్ళు. పైగా ఎండ కాస్తే ఊళ్ళో కళ్ళం వదిలి ఎవరూ రాలేరు. చూడ్డానికి మాకోసం వచ్చేది ఒక్క బాబాయే, చంకలో పట్టుగుడ్డ మూటతో.

ఆ మూటలో గ్రామఫోన్ రికార్డు ఉండేది. మొదటి ఏడు పిల్లలను కుషిరో తీసుకెళ్ళి, రేడియో కేంద్రంలో ఎవర్నో బతిమాలి, తన అకార్డియన్‌తో పాడించి చేయించుకున్నాడు. హోయిషో లేని పాట. ఉన్నది ఒకే ఒక్క రికార్డు. ఆట మొదలు కాకముందే మైదానం ఆఫీసులో ఇచ్చేవాడు, ఆట అయ్యాక తిరిగి తీసుకునేవాడు. ఆఫీసువాడికి ఆయన మొహం గుర్తుండిపోయింది. "మళ్ళీ వచ్చే ఏడు," అని చేతికిచ్చేవాడట.

ఎనిమిదో ఏడు నేను జట్టులో ఉన్నాను. మా బంతి విసిరేవాడు ఇవావో, జాలరి కొడుకు, నాచు కొక్కెం తిప్పీ తిప్పీ చెయ్యి ఇనప కడ్డీలా ఉండేది. పోటీకి ముందురోజు మా నాన్న షాపులో అందరూ బాబాయ్‌ని ఏడిపించడం మొదలుపెట్టారు.

"తప్పంతా నీదే కుమకిచీ," అన్నాడు ఇవావో వాళ్ళ నాన్న. "చేప పడకముందే పెద్దవేట జెండా కట్టిన పడవ ఎప్పుడైనా నిండుగా వచ్చిందా? నువ్వు ప్రతి ఏడూ గెలవకముందే రికార్డు ఇచ్చి వస్తావు. సముద్రానికి ఒళ్ళు మండదూ?"

మా ఊళ్ళో అది నవ్వులాటకు అనే మాట కాదు. వేట నిండాకే రంగుల జెండా పెట్టెలోంచి బయటికి వస్తుంది. ముందే తీసినవాణ్ణి పడవ ఎక్కనివ్వరు. బాబాయ్ నవ్వలేదు. అద్దంలో తన మొహం తను చూసుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళున్నా బయటివాణ్ణేనని, అందుకే ఇంత చిన్న సంగతి తట్టలేదని అనుకున్నాడో ఏమో.

మర్నాడు తెల్లవారేసరికి ఊరు కనపడలేదు. అంత పొగమంచు. గట్టు మీద జెండా లేవలేదు. మేము అప్పటికే లారీ దగ్గర ఉన్నాం. తోయో పిన్ని గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని తిడుతోంది. పక్కన బాబాయ్ నేలచూపులు చూస్తున్నాడు.

"నవ్వు, నవ్వు," అంది ఆవిడ. "లోపల దాచుకుంటే కడుపునొప్పి వస్తుంది."

"నేనేం నవ్వలేదే."

"చెవులు నవ్వుతున్నాయి." ఆవిడ తలగుడ్డ బిగించి కట్టుకుంది. "చేసే పని ఎలాగూ లేదు. పదండే అందరూ, ఎనిమిదేళ్ళుగా ఈయన మా ప్రాణం తీస్తున్న ముచ్చటేంటో చూసొద్దాం."

కళ్ళం ఆడవాళ్ళంతా రబ్బరు బూట్లతోనే లారీ ఎక్కారు. అన్నం ముద్దలు, ఊరబెట్టిన హెర్రింగ్ చేప, టీ కెటిల్. బాబాయ్ చంకలో ఆ రోజు మూట లేదు. నేను చూశాను కానీ అడగలేదు.

మాకు ఎదురొచ్చింది కుషిరోలోని పెద్ద వాణిజ్య పాఠశాల జట్టు. తెల్లటి బట్టలు, ఒకే రంగు టోపీలు, ఒక్కొక్కడికి ఒక్కో గ్లోవ్. మా వీపుల మీది దుంపలు చూసి వాళ్ళలో ఒకడు "సంతకు వచ్చారా?" అన్నాడు. ఇవావో వాడికేసి చూసి "అవును, తూకం వేయించుకుని పో" అన్నాడు.

మైదానం నేల పళ్ళెంలా చదునుగా ఉంది. గులకరాళ్ళ మీద ఆడినవాళ్ళకు ఆ నేల మీద బంతి ఆపడం పిల్లలాటలా అనిపించింది. పొగమంచు సన్నటి తుంపరగా మారింది. బంతి తడిసింది. తడిసిన బంతి మాకు రోజూ ఉండేదే. వాళ్ళ విసిరేవాడు మాటిమాటికీ చెయ్యి పంట్లానికి తుడుచుకుంటున్నాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఇవావో కొట్టిన బంతి పైకి లేచి మంచులోకి వెళ్ళిపోయింది. వాళ్ళ కుర్రాళ్ళు ముగ్గురు ముగ్గురూ తలెత్తి, చేతులు చాపి, ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. బంతి వాళ్ళ వెనకాల ధబ్బుమని పడింది. ఏడేళ్ళుగా మా వైపు వినిపించిన చప్పుడు అది. మావాళ్ళు ఇద్దరు బేస్‌లన్నీ చుట్టి ఇల్లు చేరారు, రెండు పరుగులు. ఆడవాళ్ళు కెటిల్ మూతలు వాయించారు.

తర్వాత వాళ్ళు రెండు తెచ్చుకున్నారు, మేం ఇంకొకటి. చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి మావి మూడు, వాళ్ళవి రెండు. వాళ్ళ ఆఖరి మనిషి బ్యాట్ పట్టుకున్నాడు. వాణ్ణి ఔట్ చేస్తే మేం గెలిచినట్టు. కానీ ఒకడు మూడో బేస్ మీద, ఒకడు రెండో బేస్ మీద కాచుకుని ఉన్నారు. బంతి ఒక్కటి దాటిందా, ఇద్దరూ వచ్చేస్తారు, మేం ఓడిపోతాం. ఇవావో విసిరాడు. వాడు కొట్టాడు. బంతి నేల మీద నా వైపు దూసుకొచ్చింది. నిజం చెప్పాలంటే నాకు అది మంచులోంచి ఆఖరి క్షణంలో కనపడింది. ఆలోచించే వ్యవధి లేదు. కళ్ళంలో చేసినట్టే మోకాళ్ళ మీద పడి గుండె అడ్డం పెట్టాను. ఊపిరి ఆగింది, బంతి కూడా ఆగింది. తీసి, కొట్టినవాడు చేరేలోగా మొదటి బేస్‌కు విసిరాను.

ఔటని అంపైరు చెయ్యి పైకెత్తాడు.

ఎనిమిదేళ్ళలో మొదటిసారి గెలిచాం. అసనుమ మాష్టారు బెంచీ మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. ఇవావో ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను. రెండు జట్లనూ ఎదురెదురుగా నిలబెట్టి వంగి నమస్కారాలు చేయించారు. తర్వాత మమ్మల్ని జెండా కొయ్య వైపు వరసగా నిలబెట్టారు. మైదానంలో ఉన్నవాళ్ళందరూ టోపీలు తీశారు. లౌడ్‌స్పీకర్ గరగరమంది.

"గెలిచిన ఒషొనాయి హైస్కూలు వారి బడి పాట."

ఏమీ రాలేదు.

మళ్ళీ గరగర. ఆఫీసులోంచి ఒకడు పరిగెత్తుకొచ్చి మాష్టారి చెవిలో ఏదో అన్నాడు. మాష్టారు ప్రేక్షకుల వైపు తిరిగి, గొంతు చించుకుని అడిగాడు.

"కుమకిచీ, రికార్డు ఏదయ్యా?"

బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆ మొహం నేనెప్పుడూ మర్చిపోలేదు. తెల్ల కాగితంలా అయిపోయింది.

"ఇంట్లో," అన్నాడు. "పూజ అలమరాలో, మామగారి ఫొటో ముందు పెట్టాను. వేట పడకముందే జెండా తీయకూడదని..."

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన నిమిషం అది, టోపీలు తీసిన మనుషులు అక్కడే నిలబడి ఉన్నారు, పాట మాత్రం ఎక్కడో ఊళ్ళో ఆ అలమరాలో ఉంది. మా ఊరి నమ్మకాన్ని మా ఊరివాళ్ళకంటే గట్టిగా పట్టుకున్నాడు పాపం. జెండా కుర్రాడు తాడు పట్టుకుని, లాగాలా వద్దా అని అటూ ఇటూ చూస్తున్నాడు. నాకు గుండెలో బంతి తగిలినచోట కంటే లోపల ఎక్కువ నొప్పి పుట్టింది.

అప్పుడు తోయో పిన్ని రబ్బరు బూట్లతో బల్ల మీదకు ఎక్కింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, రోజూ కళ్ళంలో పని మొదలుపెట్టేముందు వేసే కేక వేసింది.

"ఓయ్, పట్టండే కొస."

వెంటనే ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు. మంచు కప్పిన శిఖరమా, హోయిషో. వరసలో ఉన్న మేం తొమ్మిది మందిమీ ఆలోచించకుండానే అందుకున్నాం. తలెత్తి నిలిచిన ధైర్యమా, హోయిషో. జెండా కుర్రాడు హోయిషో అన్నప్పుడల్లా తాడు ఒక్క లాగు లాగాడు; ఆ పాటతో లాగడం అంత తేలిగ్గా ఉంది. కుషిరో జనానికి మొదట అర్థం కాలేదు. రెండో చరణానికి వాళ్ళ పాదాలు కదిలాయి. మూడో చరణానికి ఓడిపోయిన జట్టువాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతున్నారు. అది లౌడ్‌స్పీకర్ కంటే గట్టిగా వినిపించింది. ఆ మైదానంలో అలాంటి పాట అంతకుముందు ఎవరూ విని ఉండరు.

నేను పాడుతూ ప్రేక్షకుల వైపు చూశాను. బాబాయ్ నిలబడే ఉన్నాడు. మొదటి చరణమంతా పెదవులు బిగించాడు. కాగితంలో లేనిది వినపడుతున్నప్పుడల్లా భుజం ఉలిక్కిపడుతోంది. రెండో చరణంలో తల కొంచెం కొంచెం ఊగింది. మూడో చరణం ఆఖరి పాదం వచ్చింది. ఆడవాళ్ళు ఊపిరి తీసుకున్నారు. ఆ చిన్న ఖాళీలో, అందరికంటే ఒక్క క్షణం ముందే, పడవెక్కలేని మా ఇల్లరికం అల్లుడు తల వెనక్కి వాల్చి ఆ కేక వేశాడు.

"హోయిషో."

తిరిగి వచ్చేటప్పుడు లారీలో ఆయన తోయో పిన్ని పక్కన కూర్చున్నాడు.

"రెండో చరణంలో గొంతు తగ్గించాలి," అన్నాడు ఊరు దగ్గరపడుతుంటే. "మీరు తగ్గించలేదు."

"రేపు ఎండ కాస్తుంది," అంది ఆవిడ. "వచ్చి కొస పట్టుకో. నేర్పుదువుగాని."

తర్వాతి ఆట ఎండలో జరిగింది. చిత్తుగా ఓడాం. ఆయన పట్టించుకోలేదు. ఆ వారమే బడికి వెళ్ళి, పాట రాసిన కాగితం అడిగి తీసుకుని, ప్రతి పాదం చివరా హోయిషో అని తన చేత్తో చేర్చాడు. అసనుమ మాష్టారు గొణిగాడు కానీ ఆపలేదు. ఆ తర్వాత మా బడి జట్టు చాలాసార్లు గెలిచింది. గెలిచిన ప్రతిసారీ ఆఫీసువాళ్ళు రికార్డు అడుగుతారు, మావాళ్ళు అక్కర్లేదంటారు. పొగమంచైనా ఎండైనా ఊరు ఊరంతా లారీలెక్కి వస్తుంది మరి. కొండలు లేని ఊరివాళ్ళు కొండల పాట పాడుతూ, నాచు లేని మైదానంలో నాచు లాగినట్టు ఊగుతూ నిలబడతారు. వరండాలో ఎవరి ఫొటో ఉంటే ఏమిటని అప్పుడు మాత్రం అనిపిస్తుంది.

ఆ రికార్డు ఇప్పటికీ మామగారి ఫొటో ముందే ఉంది. ఏ మైదానంలోనూ ఒక్కసారి కూడా మోగలేదు.